నూకాలు చేత చేప మానిపించిన సంగతి

మొన్న మా మనవరాలి కాలు చూపించడానికి సీతమ్మధారలో ఒక ఫిజియోథెరపీ క్లినిక్కి వెళ్ళాం. మనవరాలంటే మా అమ్మాయి కూతురు హారిక. చదువుకుంటూనే బీచ్ రోడ్డు మీద పరుగు మొదలుపెట్టి, పది కిలోమీటర్లు దాటి, ఇరవై ఒకటి దాటి, ఇప్పుడు నలభై రెండు పరిగెడతానని కూర్చుంది. కూర్చుంది అని మాటవరసకి అన్నాను గానీ, అది కూర్చోదు, అదే దాని జబ్బు. నేను ముప్పై ఏళ్ళు పైగా బడిలో డ్రిల్లు టీచరుగా చేసి రిటైరైనదాన్ని కాబట్టి కాళ్ళ విషయంలో ఇంట్లో నా మాటకే చెల్లుబాటు. మోకాలి కింద ముందువైపు ఎముక మీద నొప్పిగా ఉందంటే, పెందుర్తి నుంచి పనిగట్టుకుని వచ్చి, "ఐసు పెట్టు, కట్టు కట్టు, రెండ్రోజుల్లో లేచి పరిగెడతావు" అని తీర్పు చెప్పేశాను. మూడు వారాలైనా తగ్గలేదు. ఆఖరికి మా అమ్మాయి నా మీద కసిరి, ఇద్దర్నీ క్లినిక్కి పంపింది.

అక్కడున్న ఫిజియో హారిక కంటే నాలుగైదేళ్ళు పెద్దదేమో అంతే. ఎముక పొడుగునా బొటనవేలితో నొక్కుకుంటూ వచ్చి ఒక చోట ఆగింది. హారిక కెవ్వుమంది. ఇక బూట్ల గురించి అడుగుతుందనుకున్నాను. తిండి గురించి అడిగింది. పొద్దున్న పరుగుకి ముందు ఏం తింటావంటే ఏమీ తిననంది మా పిల్ల. పరుగయ్యాక కాఫీ, పాలు లేకుండా. రాత్రికి కీరా ముక్కలు. "నెలసరి వస్తోందా?" అని అడిగిందా ఫిజియో, టైమెంతయిందని అడిగినంత మామూలుగా. హారిక నా వైపొకసారి చూసి, "ఐదు నెలలైంది. ట్రైనింగ్ వల్ల అనుకున్నా. ఒకందుకు హాయిగానే ఉంది" అంది. ఫిజియో కలం కింద పెట్టేసింది. "హాయి కాదమ్మా. నువ్వు పెట్టే తిండి చాలక ఒళ్ళు ఒక్కో దుకాణమే మూసేస్తోంది. ముందు అది మూసింది. ఇప్పుడు ఎముక వంతు."

తర్వాత చాలాసేపు చెప్పింది. స్కాన్ తీయించాలి, పగులు మొదలై ఉంటే రెండు నెలలు పరుగు బందు. పరుగుకి ముందు ఏదో ఒకటి కడుపులో పడాలి, అరటిపండైనా సరే. అయ్యాక గంటలోపు గట్టిగా తినాలి. రాగి అంబలి, గుడ్లు, పెరుగు, ముల్లుతో సహా నమిలి మింగే చిన్న చేపలు. "విశాఖపట్నంలో ఉండి నెత్తళ్ళు తినకపోతే ఎలాగండీ?" అని నా వైపు చూసి నవ్వింది. ఎముక అతికాక మెట్టు అంచున నిలబడి మడమలెత్తి దించడం, బరువు మోస్తూ మెట్లెక్కడం, ఇసుకలో నడక. బరువు మోసిన ఎముకే గట్టిపడుతుందట. ఆ పిల్ల నన్నొక్క మాట అనలేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు నేనే లేచి బయట వరండాలోకి వెళ్ళిపోయాను. నాకు సుగరు పడిపోయిందని హారిక కంగారుపడి చాక్లెట్టు తెచ్చి నోట్లో పెట్టింది.

నాకు సుగరు పడిపోలేదు. ఆ ఫిజియో చెప్పిన పనులన్నీ, ఎవరూ చెప్పకుండానే, రోజూ చేసిన మనిషినొకదాన్ని నా పద్దెనిమిదో ఏట చూశాను. దాని పేరు నూకాలు. దాని చేత వాటినన్నింటినీ మానిపించినదాన్ని నేను. ఈ సంగతి నా భర్త బతికున్నన్నాళ్ళూ ఆయనకి చెప్పలేదు, నా కూతురికి తెలీదు. మిగతా జ్ఞాపకాలన్నీ రాసుకుంటూ వచ్చి దీన్ని మాత్రం రెండుసార్లు దాటేశాను. సిగ్గు వల్లే దాటేశాను, వేరే కారణమేమీ లేదు.

మా ఊరు తగరపువలస దాటి లోపలికి. మాది వ్యవసాయం. తెల్లారక ముందే మా నాయనమ్మ లేచి పొయ్యి ముట్టించి చోడి అంబలి కాచేది. చోళ్ళంటే రాగులే, మా వైపు రాగులంటే అప్పట్లో ఎవరికీ తెలీదు. ముందురోజు కలిపి ఉంచిన పిండి పులిసి, కుండ అడుగు కొంచెం మాడి, వాటి రెండింటి వాసనా కలిసి పొగతో పాటు నా పక్క దగ్గరకి వచ్చేది. దానివెనకే నిప్పుల మీద వేసిన ఎండు నెత్తళ్ళ వాసన. నేను కోడి కూతకి లేచిన జ్ఞాపకం లేదు, ఆ వాసనకే లేచేదాన్ని. మా నాయనమ్మకి ఒక పట్టుదల ఉండేది. ఖాళీ కడుపుతో మనిషి గానీ గొడ్డు గానీ ఆవిడ గడప దాటడానికి లేదు. పోస్టుమాను వచ్చినా ఒక గ్లాసుడు అంబలి తాగి తీరాల్సిందే, అందుకని అతను మా వీధికి ఆఖర్న వచ్చేవాడు. నేను బడి నుంచి మూడు మైళ్ళు పరిగెత్తుకుంటూ వస్తే నన్ను ముందు నిలబెట్టి, సంతలో దూడని చూసినట్టు పిక్కలు నొక్కి చూసేది. "ఓలె, దూడకి బలం కాళ్ళల్లోంచి రాదు, కుడితిలోంచి వొస్తాది. ముందు తిను, ఎనకాల పరిగెట్టు" అనేది.

నెత్తళ్ళు తెచ్చే ఆవిడ సముద్రం వైపు నుంచి వారానికోసారి నెత్తిన గంపతో నడిచి వచ్చేది. మా వసారాలో గంప దించి, నాయనమ్మ ఇచ్చిన అంబలి తాగి, చోళ్ళు కొలిపించుకుని, చేపలు కొలిచి పోసేది. ఇద్దరూ ఒకరి కీళ్ళ నొప్పులు ఒకరికి చెప్పుకునేవారు. ఆవిడ వెళ్ళిపోయాక సాయంత్రం దాకా వసారాలో ఆ చేపల వాసన ఉండేది. మా ఇంట్లో ఎవరూ ముక్కు మూసుకున్న గుర్తు నాకు లేదు.

జిల్లా అమ్మాయిల పరుగు జట్టుకి నన్ను తీసుకున్నారని ఉత్తరం వచ్చినప్పుడు మా నాన్న రేకు పెట్టెతో నన్ను విశాఖపట్నం బస్సెక్కించాడు. పెట్టెలో నాయనమ్మ గుడ్డలో మూటగట్టిన ఎండు నెత్తళ్ళు పెట్టింది. సముద్రం పక్కన ఒక బడిలో మాకు శిక్షణ శిబిరం. బల్లలు గోడకి జరిపి ఒక గదిలో ఆరుగురం పడుకునేవాళ్ళం. పొద్దున్నే హార్బరు వైపు నుంచి ఓడల కూత వినిపిస్తుంటే మైదానంలోకి దిగాలి. మిగతా అమ్మాయిలు పట్నం వాళ్ళు, తెల్లటి మేజోళ్ళవాళ్ళు. మొదటి రోజే ఒకమ్మాయి పెట్టెలన్నీ వాసన చూస్తూ, "ఏదో కంపు కొడుతోంది" అంది. ఆ మధ్యాహ్నం అందరూ భోజనానికి వెళ్ళాక నాయనమ్మ మూట తీసుకెళ్ళి వెనకాల కాలవలో పారేశాను. నెల తిరక్కుండా "నాను" మానేసి "నేను" అనడం నేర్చాను. గట్టిగా మాట్లాడతానని మాస్టారు నన్ను కెప్టెన్ని చేశారు.

నూకాలుది ఆ బడికి దిగువనున్న జాలరిపేట. తండ్రి వేటకి వెళ్ళేవాడు, తల్లి చేపలమ్మేది. శిబిరం మొదట్లో అది ఇంట్లోనే పడుకుని పొద్దున్నే వచ్చేది. వచ్చేలోపు తెప్ప దగ్గర తడి చేపల గంప నెత్తికెత్తుకుని ఇసుకలోంచి రోడ్డు దాకా మూడు నాలుగు సార్లు ఎక్కి దిగేది, ఇంటికి పోయి కడుపు నిండా తినేది, అప్పుడు మా మైదానానికి పరిగెత్తుకుంటూ వచ్చేది. మేం ఒళ్ళు విరుచుకుంటూ ఉండేవాళ్ళం, దానికి అప్పటికే చెమటలు. అయినా అందరికంటే ముందుండేది. చెప్పుల్లేవు, బూట్లు ఇస్తే కాళ్ళకి ఉక్కపోతగా ఉందని విప్పేసేది. నల్లగా, నున్నగా, రోలులా గట్టిగా ఉండేవి దాని పిక్కలు. "అంత తిని పరిగెడితే కడుపులో నొప్పి రాదా?" అని ఒకసారి అడిగాను.

"తినకపోతే రాదేటి నెప్పి? ఏటకెల్లినోడు కూడు కట్టుకోకుండా తెప్పెక్కుతాడేటి?" అంది నవ్వుతూ. "నువ్వూ తినీసి రా, నాతో సమానంగా వొస్తావు."

మా మాస్టారుకి ఒకటే సూత్రం. మనిషి ఎంత తేలికైతే పరుగంత వేగం. ఎక్కడి నుంచో ఒక కాటా తెప్పించి శనివారం శనివారం మమ్మల్ని దాని మీద నిలబెట్టేవారు. నూకాలు అందరిలోకీ బరువు. "ఇంత బరువుతోనే ఇంత వేగమైతే, నాలుగు కేజీలు తగ్గితే ఎంత వేగమో ఆలోచించండి!" అనేవారు. అందరం ఆలోచించాం. లెక్క చక్కగానే కనిపించింది. తప్పంతా ఆయన మీదకి నెట్టేసి ఈ పేజీ తిప్పేయొచ్చు, ఆయన ఎలాగూ లేరు. కానీ ఆయన సూత్రం చెప్పి ఊరుకున్నారు, దాన్ని మోసుకెళ్ళి నూకాలు చెవిలో పెట్టింది నేను.

పోటీకి మూడు నెలలుందనగా అందరూ శిబిరంలోనే పడుకోవాలన్నారు. నూకాలు చాప చుట్టుకుని మా గదిలోకి వచ్చింది. రోజూ మధ్యాహ్నం వాళ్ళమ్మ చేపల గంపతోనే వచ్చి, అల్యూమినియం గిన్నెలో అంబలి, ఆకులో చుట్టిన చేపలు ఇచ్చి పోయేది. గది నిండా ఆ వాసన. నా చిన్నప్పటి పొద్దుటి వాసనే. తెల్ల మేజోళ్ళ అమ్మాయిలు ముక్కులు మూసుకుని, "కెప్టెన్‌వి నువ్వే కదా, ఏదో ఒకటి చెయ్యి" అన్నారు. ఆ వాసన నాకు ఇష్టమని ఎక్కడ బయటపడిపోతుందోనని నాకు భయం. ఆ భయంతోనే, కుళాయి దగ్గర గిన్నె కడుక్కుంటున్న నూకాలు దగ్గరకి వెళ్ళాను.

"నీ మంచికే చెబుతున్నాను నూకాలూ. ఆ చేపలు మానెయ్. గదంతా వాసన. పైగా బరువు. మాస్టారు చెప్పింది విన్నావు కదా" అన్నాను.

"సేపలు మానీమంటే మరేటి తిందును?"

"అందరూ తినేదే తిను. అందులో సగం తిను."

అది తడి చెయ్యి మొహం దగ్గర పెట్టుకుని వాసన చూసుకుంది. "నాను అంత వాసనొస్తన్నానేటి?" అంది.

"వస్తున్నావు" అన్నాను.

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. నా నోటి మూలాన దాని తిండి ఆ సాయంత్రమే పోయింది. నూకాలు మొండిది, పరుగులో ఎంత మొండిదో తిండి మానడంలోనూ అంతే. చేప మానేసింది, అంబలి మానేసింది, శిబిరంలో పెట్టే నీళ్ళ చారు, అన్నంలో సగం వదిలేసేది. గంపలు మోయడం ఎలాగూ పోయింది, మాస్టారే వద్దన్నారు. రెండు మూడు వారాలు అది గాలిలో తేలినట్టు పరిగెత్తింది. కాటా మీద ముల్లు దిగుతుంటే మాస్టారు చప్పట్లు కొట్టేవారు. "నేనే మానిపించాను సార్" అని చెప్పుకున్నాను. ఆ గొప్ప గుర్తొస్తే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

అదంతా పైన పటారం, లోన లొటారం. దువ్వెన నిండా దాని జుట్టు వచ్చేది. మే నెల ఎండలో దుప్పటి కప్పుకునేది. అంత నవ్వే పిల్ల మాటకి మాట చెప్పడం మానేసి మెట్ల మీద కూర్చుండిపోయేది. ఒకరోజు నన్ను పక్కకి పిలిచి, రెండు నెలలుగా బయట చేరలేదని భయం భయంగా చెప్పింది. "మంచిదే కదే, పీడా విరగడైంది. పోటీ అయ్యాక అదే వస్తుందిలే" అని నవ్వేశాను. పోటీకి వారం ముందు నా బొటనవేలు పట్టుకుని మోకాలి కింద ముందువైపు ఎముక మీద పెట్టి, "ఇక్కడ నొక్కు" అంది. నొక్కాను. కళ్ళ నీళ్ళు గిర్రున తిరిగాయి దానికి. ఆ చోటు నా వేలికి తెలుసు. అందుకే మొన్న క్లినిక్కులో హారిక కెవ్వుమనగానే నా వేలే ముందు ఉలిక్కిపడింది. అప్పుడు మాత్రం గుడ్డ తెచ్చి గట్టిగా కట్టు కట్టాను. "మాస్టారుకి చెప్పకు, తీసేస్తారు" అన్నాను. అది తల ఊపింది.

ఇక్కడ ఒక నిజం చెప్పాలి. ఆ పోటీలో మొదటి ముగ్గురికి రాష్ట్ర జట్టులో చోటు, ఆ చోటు వస్తే ఆటల కోటాలో ఉద్యోగం దాదాపు ఖాయం. మా జట్టులో నూకాలు ఎప్పుడూ ఒకటి. నేను ఎప్పుడూ నాలుగు. దాని కాలు విరగాలని కోరుకోలేదు, దేవుడి మీద ప్రమాణం చేసి చెప్పగలను. అది పరుగు ఆపేస్తే బాగుండుననీ అనుకోలేదు. కానీ "ఆగు, ఇంటికి పోయి మీ అమ్మ చేతి కూడు తిను" అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చిందా అంటే, రాలేదు. మా నాయనమ్మైతే మొదటి రోజే అని ఉండేది. ఆవిడ చేతి తిండి తిని పెరిగిన దాన్ని, ఆ మాట నాకెందుకు రాలేదో నలభై ఏళ్ళుగా నన్ను నేను అడుగుతున్నాను. ఒక్కోసారి వచ్చే జవాబు నాకు నచ్చదు.

పోటీ బీచ్ రోడ్డు మీద, ఆరు కిలోమీటర్లు. నాలుగో కిలోమీటరు దాకా నూకాలు వీపే నాకు కనిపించింది. తర్వాత రోడ్డు ఎత్తెక్కే చోట దాని అడుగు తేడా పడింది, రెండడుగులు కుంటింది, ఎండుకొమ్మ విరిగినట్టు ఒక చప్పుడైంది. ఆ చప్పుడు నేను విన్నాను. అది రోడ్డు మీద కూలబడి కాలు రెండు చేతులతో పట్టుకుని, నేను దగ్గరకి రాగానే "రమణా!" అని పిలిచింది. నేను పక్కనుంచి పరిగెత్తుకుంటూ పోయాను. వెనక్కి చూడలేదు. మూడో స్థానంలో గీత దాటాను.

ఆ మూడో స్థానం మీదే నా జీవితమంతా నిలబడింది. రాష్ట్ర జట్టు, తర్వాత డ్రిల్లు టీచరు ఉద్యోగం, ఉద్యోగాన్ని చూసి వచ్చిన సంబంధం, పెందుర్తిలో ఇల్లు. నూకాలు కాలు సరిగ్గా అతకలేదు, కురచైందని ఎవరో చెప్పారు. చూడ్డానికి వెళ్ళలేదు. పెళ్ళయిన కొత్తలో మార్కెట్లో ఒకసారి, ఆ తర్వాత చాలా ఏళ్ళకి ఇంకోసారి, కుంటుతూ గంప మోసుకొస్తున్న ఆడమనిషిని చూసి పక్క సందులోకి తిరిగిపోయాను. రెండోసారి అది నూకాలు కాదేమో కూడా. అయినా తిరిగిపోయాను.

ఇప్పటి పిల్లల్ని చూస్తే నాకు నవ్వూ ఏడుపూ కలిసి వస్తాయి. చేతికి గుండె కొట్టుకోవడం లెక్కపెట్టే గడియారం, కాళ్ళకి దూదిలాంటి బూట్లు, నడుముకి పరుగులో పిండుకుని మింగే తేనెలాంటి పాకం పొట్లాలు. మాకు గ్లూకోజు నీళ్ళే అమృతం. ఇన్ని ఉండి కూడా హారిక ఆకలితోనే పరిగెత్తింది. మాకు కాటా దగ్గర మాస్టారు చెప్పిన మాటే దానికి ఫోన్లో ఎవరో ముక్కూమొహం తెలీని పిల్ల చెప్పింది. "మా కాలంలో ఎవరికీ తెలీదు" అని నేను తప్పించుకోవడానికి లేదు. మా నాయనమ్మకి తెలుసు, నూకాలు తల్లికి తెలుసు. నాలుగు అక్షరాలు నేర్చి పట్నం చేరిన మాకే తెలీలేదు. తెలిసిన వాళ్ళని చూసి మేం ముక్కు మూసుకున్నాం.

హారిక స్కానులో పగులు మొదలైందని తేలింది. విరగలేదు, రెండు నెలల్లో అతుకుతుందన్నారు. ఆ కబురు విన్న మర్నాడు నేను ఒక్కదాన్నీ ఆటో ఎక్కి జాలరిపేటకి వెళ్ళాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, తెలుసు. అయినా చేప మానిపించింది నేనేనని, కట్టు కట్టి దాచింది నేనేనని, పిలిస్తే ఆగకుండా పోయింది నేనేనని దాని మొహం మీద చెప్పి, తిడితే తిట్టించుకుని రావాలనుకున్నాను. ఇల్లు వెతకడం కష్టం కాలేదు. "కుంటి నూకాలమ్మా?" అని ఒకావిడ చెయ్యెత్తి చూపించింది.

ఇంటి ముందు వల పరిచి చేపలు ఎండబెడుతోంది. జుట్టు మొత్తం తెల్లబడింది. నన్ను చూసి కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ఎవులు? రమణమ్మేటి? ఓలమ్మో, ఎన్నాళ్ళకే! రా, ఇలా కూకో" అని పీట జరిపింది. కుడికాలు ఈడుస్తూ లోపలికెళ్ళి నీళ్ళు తెచ్చింది. కొడుకులు వేటకెళ్ళారనీ, కోడలు మంచిదనీ చెప్పింది. నేను హారిక కాలు సంగతి చెబితే, "ఇక్కడేనా?" అని తన ఎముక మీదే వేలు పెట్టుకుని చూపించింది. "పరిగెట్టనీ గుంటని. ఆపీకు. తినీసి పరిగెట్టమను, అంతే" అంది.

ఇక ఆగలేక మొదలుపెట్టాను. చేపలు, సగం అన్నం, కట్టు, నెలలు తప్పినప్పుడు నేను నవ్విన నవ్వు, రోడ్డు మీద పిలిచిన పిలుపు. పట్నంలో నేర్చిన మాటలు సగంలో జారిపోయాయి. "నానే నీ కాలు ఇరగ్గొట్టినాను నూకాలూ" అన్నాను. చేప తిరగేస్తూనే వింది.

"అయ్యన్నీ నాకు తెల్దేటి?" అంది చివరికి. "సేప మానీమన్నావు, మానీసినాను. నానేటి సంటిపిల్లనా? నాకూ ఆ ఉజ్జోగం గావాలనే ఉండీది. నెప్పున్నా దాసినాను. అందులో నీదెంతో నాదీ అంతే. పిలిత్తే ఆగలేదంటావా, పందెంలో ఎవుడాగుతాడు? నానైనా ఆగను. దానికి నీమీద కోపం నేదే నాకు."

నాకు ఏడుపొచ్చింది. బరువు దిగిపోతున్నట్టే అనిపించింది, ఇంత తేలిగ్గా అయిపోతుందా అనుకున్నాను. అది చేతులు చీరకి తుడుచుకుని నా వైపు తిరిగింది.

"మాయమ్మని అన్నదొక్కటే మర్సిపోలేకపోనాను."

"మీ అమ్మని నానేటన్నాను?" అన్నాను. నిజంగానే నాకేమీ తెలీలేదు.

అది నా మొహంలోకి చాలాసేపు చూసింది. అబద్ధమాడుతున్నానేమోనని చూసి ఉంటుంది. "నీకు గుర్తు నేదు" అంది మెల్లగా. "నాను సేప మానీసినాక కూడా మాయమ్మ గిన్నె పట్టుకుని వొచ్చీది కదా. నువ్వు గేటుకాడికెల్లి సెప్పినావంట. గంపట్టుకుని ఇక్కడికి రావొద్దు, మీ వాసనకి మీ అమ్మాయే సిగ్గుపడిపోతంది, పోటీకాడికీ రాకండి, జట్టుకి పరువు తక్కువ అని. మాయమ్మ నన్నొక్క మాట అడగనేదు. నాకు సిగ్గంటే నిజమే అనుకున్నాది."

అది నా ముందున్న నీళ్ళ గ్లాసు పక్కకి జరిపింది.

"ఆ పందెం రోజు మాయమ్మ అక్కడే ఉన్నాది. రోడ్డుకి అవతల, గంప ఎనకాల పెట్టుకుని, గోడకి ఆనుకుని నిలబడ్డాది. నాను పడిపోనాను సూడు, సూసింది. ఆ ఎముక ఇరగడం ఇన్నాది. అయినా రోడ్డు దాటి నా కాడికి రానేదు. నాను సిగ్గుపడిపోతానని. ఎవులో జీపులో ఎక్కించుకుని ఎల్లిపోయినాకే ఎనకాల పరిగెట్టుకుంటా వొచ్చిందంట. సచ్చిపోయే ముందర సెప్పింది నాకు ఆ మాట, అప్పుడే తెలిసింది. నాను సిగ్గుపడనేదే అమ్మా అంటే, ఇనిపించుకునే స్థితిలో నేదు."

పీట మీద నుంచి కిందికి దిగాను. కాళ్ళు పట్టుకుంటానంటే నూకాలు పట్టుకోనివ్వలేదు. "నాకేటి సేత్తావు, అదింక మాయమ్మకి సెప్పుకోవాల" అని చేపలు తిరగెయ్యడానికి వెళ్ళిపోయింది.

ఆటోలో వస్తూ, ఇంటికొచ్చాక, ఇది రాస్తూ కూడా వెతుక్కుంటూనే ఉన్నాను. నూకాలుకి ఏం చేశానో అంతా గుర్తుంది, కుళాయి నీళ్ళ చప్పుడుతో సహా. ఆ గేటు మాత్రం గుర్తుకి రావడం లేదు. అన్నానని మాత్రం నమ్ముతున్నాను, ఎందుకంటే ఆ మాటలు నా మాటలే. అదే గొంతుతో ముప్పై ఏళ్ళు బడి గేటు దగ్గర ఎందరో తల్లులతో మాట్లాడాను. అది చెరిగిపోయేంత చిన్న పని అయింది నాకు, ఒక పూట అయిపోగొట్టి మళ్ళీ వచ్చి పరుగందుకున్న పని. రోజూ మధ్యాహ్నం ఎండలో గంపతో నడిచొచ్చిన మనిషి, చేతిలో వేడి గిన్నెతో నా ఎదురుగా నిలబడింది. ఆవిడ మొహం ఎలా ఉంటుందో ఎంత ప్రయత్నించినా నాకు రావడం లేదు. అప్పుడు నేను చూసి ఉండను.